గుమ్మం ముందు కుర్రాడి కోసం ప్రార్థన

ఈ భూమ్మీద ఇంతవరకూ పుట్టని ఒక మగవాడి మీద అసూయపడి, ఆ కడుపుమంటకు తాను నడిపే ట్యాంకరులోని మంచినీళ్లను ఉప్పునీళ్లుగా మార్చిన మనిషి ప్రపంచం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. అతని పేరు పాలపర్తి యెషయా. నమ్మకపోతే రెండువేల అయిదో సంవత్సరం ఎండాకాలంలో బహ్రెయిన్ దేశపు ఉమ్మ్ అల్ హస్సామ్‌లో టీ తాగినవాళ్లను ఎవరినైనా అడగండి. ఉప్పగా ఉండేదనే చెబుతారు. చెప్పలేదంటే వాళ్లు పంచదార ఎక్కువ వేసుకునే రకమన్నమాట.

యెషయా బహ్రెయిన్‌లో మంచినీళ్ల బండి డ్రైవరు. కుళాయి నీళ్ల రుచి నచ్చని ఇళ్లవాళ్లు తాగేందుకు ఆ బండిని పిలిపించుకుంటారు. బండి తోలేవాడు దిగి, గేటు తట్టి మర్యాదగా పిలవాలి. యెషయా జన్మలో దిగేవాడు కాదు. హారన్ కొట్టేవాడు. ఒకసారి కొడితే పనిమనిషి వచ్చేది. రెండుసార్లు కొడితే ఇంటి యజమాని వచ్చేవాడు. మూడుసార్లు కొడితే సముద్రం మీది వంతెన దాటుకుని సౌదీ నుంచి ఎవరో ఒకరు బిందె పట్టుకుని వచ్చేవారు.

అసలు అతని పెళ్లే హారన్ మీద అయింది. నరసాపురంలో చేపల మార్కెట్టుకు ఐసు తోలే లారీ మీద పనిచేసేవాడు యెషయా. జీవమ్మ హెడ్మాస్టరు గారి అమ్మాయి. వాళ్లకు మేడ ఉంది, మేడ మీద పూలకుండీలున్నాయి, గుమ్మం పక్కన గోడకు ఇత్తడి పలక మీద ఆయన పేరూ, పేరు వెనకాల రైలుపెట్టెల్లా డిగ్రీలూ ఉన్నాయి. యెషయా తండ్రి వలలు బాగుచేసేవాడు. రెండు కుటుంబాలూ ఒకే చర్చికి వెళ్లేవి గానీ, హెడ్మాస్టరు గారివాళ్లు ముందు బల్లల మీద, వీళ్లు వెనకాల చాపల మీద. బల్లలకూ చాపలకూ మధ్య ఎలా కుదిరిందో కుదిరింది. "మా నాన్నగారితో వచ్చి మాట్లాడండి" అని జీవమ్మ బతిమాలింది. యెషయా రేపన్నాడు, ఎల్లుండన్నాడు, పండగెళ్లాక అన్నాడు. చివరికి ఒక తెల్లవారుజామున వీధి చివర లారీ ఆపి ఒక్క హారన్ కొట్టాడు. జీవమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి లారీ ఎక్కింది. ఐసు కరిగేలోపు పెళ్లయిపోయింది. అప్పటి నుంచి హెడ్మాస్టరు గారు కూతురితో మాట్లాడటం మానేశారు. అల్లుడి మొహాన్ని అయితే ఆయన దగ్గర్నుంచి చూసిందే లేదు.

జిదాఫ్స్‌లో యెషయా బహ్రెయిన్ వచ్చాక ఉండే రూములో ఈ ముక్క తెలియనివాడు లేడు. "లోకంలో మగాళ్లు ఆడపిల్ల కోసం కాళ్లు పట్టుకుంటారు, కన్నీళ్లు పెట్టుకుంటారు. నేనేం చేశాను? ఒక్కటంటే ఒక్క హారన్!" అని మీసం మీద చెయ్యి వేసేవాడు. రూములోవాళ్లు ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే ఆశ్చర్యపోయేవారు. ఆశ్చర్యపోకపోతే మళ్లీ మొదటి నుంచి చెబుతాడని భయం.

బహ్రెయిన్‌కు ముందు యెషయా వచ్చాడు. తర్వాత ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒంటరిగా ఉంటున్న ఒక ఇంగ్లీషు ముసలామె ఇంట్లో పని ఉందని తెలిసి జీవమ్మను రప్పించాడు. ఆమె ఆ ఇంట్లోనే ఉండి వంటా పనీ చూసుకునేది. అతను తన రూములో. భార్యాభర్తలు కలిసేది శుక్రవారం మధ్యాహ్నమే, తెలుగు క్రైస్తవ సహవాసం కూటానికి వెళ్లేటప్పుడు. కూటానికి జనాన్ని చేరవేసే వ్యాను తోలేది యెషయాయే. వ్యాను తీసుకుని అందరికంటే ముందు ఉమ్మ్ అల్ హస్సామ్ వెళ్లి, మేడం ఇంటి ముందు హారన్ కొట్టి, జీవమ్మను ముందు సీట్లో ఎక్కించుకునేవాడు. అక్కడి నుంచి అద్లియాలో తర్వాతి మనిషి ఎక్కేదాకా దారి కొంచెమే. వారం మొత్తంలో మొగుడూ పెళ్లాం ఇద్దరే ఉండేది ఆ కాసేపూ, మళ్లీ తిరుగు ప్రయాణంలో ఆమెను చివర్న దింపేటప్పుడు ఇంకో కాసేపూ. ఆ కాసేపు కోసం యెషయా ఉదయం నుంచి వ్యాను అద్దాలు తుడుస్తూ కూర్చునేవాడు. ఆ అద్దాల్లో తల దువ్వుకుని ఎంతమంది పెళ్లిచూపులకు వెళ్లారో లెక్కలేదు.

అలాంటి మనిషి కడుపులో నిప్పు పడింది ప్రార్థన మనవుల దగ్గర.

కూటంలో బైబిలు వాక్యం చెప్పడం అయిపోయాక సంఘ పెద్ద ముసలయ్య గారు లేచి, "ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా అండీ?" అని అడుగుతారు. ఒకరు తల్లి మోకాళ్ల నొప్పి గురించి, ఒకరు వీసా గురించి చెబుతారు. ఇంకొకరు తమకు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ మనసు మెత్తబడాలంటారు. సంఘమంతా కళ్లు మూసుకుని వాళ్ల కోసం ప్రార్థిస్తుంది. ఆ శుక్రవారం జీవమ్మ లేచి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఒక కుర్రాడున్నాడండి. పేదింటోడు. ఫ్యాక్టరీలో పని. పెద్దింటి పిల్లను ఇష్టపడ్డాడు. ఆ పిల్ల నాన్నగారిని అడగడానికి ఎవర్నీ ఎంటబెట్టుకోకుండా ఒక్కడూ ఎల్లి వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాడండి." ఆమె చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆ నాయన ఏమంటాడో ఏంటో. ఆ పిల్లోడి మొహమే కళ్లముందు కనపడతంది నాకు. వాడి కోసం ప్రార్థన చేయండి."

"అయ్యో! ఎవరు సిస్టర్ ఆ అబ్బాయి? పేరేంటి?" అంది మెర్సీ. మెర్సీ ఒక క్లినిక్‌లో నర్సు. ఎవరి బీపీ ఎంతో, ఎవరి ఇంట్లో గొడవేంటో ఆమెకు తెలియకుండా బహ్రెయిన్‌లో సూర్యుడు అస్తమించడు.

ముసలయ్య గారు చెయ్యెత్తి ఆపారు. "పేరు అడక్కూడదమ్మా. చెప్పదలుచుకుంటే ఆవిడే చెప్పేది. దేవుడికి తెలుసు."

అది ఆ సంఘం కట్టుబాటు. పేరు చెప్పని మనవిని తవ్వకూడదు. అందరూ కళ్లు మూసుకున్నారు. యెషయా మాత్రం మూసుకోలేదు. వెనక వరసలో నిలబడి పెళ్లాం వీపు వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ పిల్లోడి మొహమట. కళ్లముందే కనపడుతోందట. తన మొహం వారానికి ఒకసారే కనపడుతుంది, అది కూడా స్టీరింగు పక్కన, సగం.

అంతకంటే లోతుగా దిగింది ఇంకో మాట. గుమ్మం ముందు నిలబడ్డాడట. ఒక్కడూ వెళ్లి.

తర్వాతి శుక్రవారం అద్లియా దారిలో యెషయా మామూలుగా అడుగుతున్నట్టు అడిగాడు. అంత మామూలుగా అడగడానికి వారమంతా ట్యాంకరులో ఒక్కడే సాధన చేశాడు.

"ఆ కుర్రాడెవరు జీవా?"

జీవమ్మ ఉలిక్కిపడింది. "ఏ కుర్రాడండి?"

"అదే, మొన్న నువ్వు ఏడ్చావు చూడు. తెలుగోడేనా?"

"ప్రార్థన సంగతులు అడక్కూడదని ముసలయ్య గారు చెప్పలేదేంటండీ?"

"సంఘం అడక్కూడదు. మొగుడు అడగొచ్చు."

"మొగుడైనా సంఘంలోనోడే కదండీ," అని ఆమె కిటికీలోంచి బయటకు చూసింది. "సిగ్నలు పడింది, చూసుకోండి."

కూటంలో మాత్రం ఆ కుర్రాడి ప్రతిష్ఠ వారం వారం పెరిగిపోయింది. జీవమ్మ ఒక్కో శుక్రవారం కొత్త సంగతి ఒకటి చెప్పేది. అతనికి ఉన్నది ఒకే ఒక్క కోటు, అది కూడా వాళ్ల అన్నయ్యదట. వానలో తడిసి వచ్చాడట. తలమీది టోపీ తీసి రెండు చేతుల్తో నలుపుతూ నిలబడ్డాడట. పిల్ల మేడమెట్ల మీద నిలబడి చూస్తోందట. మెర్సీ అతని కోసం ఉపవాసం పట్టింది. పెళ్లికాని కుర్రాళ్లు అతని ధైర్యం తమకు రావాలని మనవి పెట్టుకున్నారు. చివరికి ముసలయ్య గారు కూడా ప్రసంగంలో ఒకచోట "ఆ తమ్ముడిలాగా గుమ్మం ముందు నిలబడే విశ్వాసం మనకుందా?" అని గట్టిగా అడిగారు. సంఘం "లేదు" అన్నట్టు తలలు వంచింది. యెషయా పళ్లు కొరికిన చప్పుడుకు కీబోర్డు వాయించే అతను రాగం తప్పాడు.

వ్యానులో మెర్సీ ఇంకా ఆజ్యం పోసేది. "ఏం మగాడు బ్రదర్! ఈ రోజుల్లో పిల్లను లేపుకుపోవడం ఎవడైనా చేస్తాడు. తండ్రి కళ్లలోకి చూసి అడగడం ఎంతమంది చేయగలరు?"

"అద్దం దించండి సిస్టర్. ఊపిరాడట్లేదు," అన్నాడు యెషయా.

ట్యాంకరులో నీళ్లు ఉప్పెక్కడం మొదలైంది ఆ వారంలోనే.

అనుమానం మొదట జాన్ పాల్ మీదికి పోయింది. జాన్ పాల్ అద్లియాలో ఒక కాఫీ షాపులో పనిచేసేవాడు. కూటంలో గిటారు వాయిస్తాడు. పేదవాడు, పెళ్లికానివాడు, వ్యానులో జీవమ్మ తర్వాత ఎక్కేవాడు కూడా. నుదుటి మీద ఒక పాయ పడేలా జుట్టు దువ్వుతాడు. ఇన్ని నేరాలు ఒకే మనిషిలో ఉండటం యెషయా ఎప్పుడూ చూడలేదు. ముందు అతన్ని వ్యానులో ఆఖరి సీటుకు మార్చాడు. అక్కడికి ఏసీ గాలి రాదు. స్పీడుబ్రేకరు కనపడితే కావాలని వేగం పెంచేవాడు. ఒకసారి జాన్ పాల్ సీట్లోంచి ఎగిరి, వ్యాను పైకప్పులోంచి బయటికెళ్లి, జిదాఫ్స్ బజారంతా పైనుంచి చూసి మళ్లీ తన సీట్లోనే పడ్డాడని చెబుతారు.

ఒకరోజు నీళ్లు పోయడానికి కాఫీ షాపుకు వెళ్లినప్పుడు యెషయా జీవితంలో మొదటిసారి ఒక మనిషిని పలకరించడానికి బండి దిగాడు.

"ఏరా జాన్ పాలూ, ఎవర్నైనా ఇష్టపడ్డావా?"

జాన్ పాల్ చేతిలోని కప్పు జారబోయింది. "నాకెవరిస్తారు అన్నయ్యా పిల్లను?"

"పెద్దింటి పిల్లను ఎవర్నైనా? గుమ్మం ముందుకెళ్లి అడిగావా?"

"నేనా? మా మేనేజరు గది గుమ్మం ముందుకెళ్లి సెలవు అడగడానికే నాకు చెమట్లు పడతాయి." అంతలో అతనికేదో తట్టింది. మొహం వెలిగిపోయింది. "ఏదైనా సంబంధం ఉందా అన్నయ్యా? అందుకేనా వచ్చారు? ఫొటో ఇమ్మంటారా?"

వీడు కాదు అని యెషయాకు అర్థమైంది. అర్థమయ్యాక మరీ కష్టమైంది. ఎవడో తెలిసినవాడైతే స్పీడుబ్రేకర్లయినా ఉన్నాయి. తెలియనివాణ్ణి ఎక్కడ ఎగరేయాలి?

మరుసటి శుక్రవారం భోజనాల వేళ అయ్యాక ఆగలేక జీవమ్మకు ఫోన్ చేశాడు. ఎప్పుడూ ఆ వేళప్పుడు చేయడు. ఆమె ఎత్తి "ఏవండీ?" అంది గుసగుసగా. వెనకాల ఒక మగ గొంతు వినిపించింది. ఇంగ్లీషు. లోగొంతుకతో, మెత్తగా, ఆగి ఆగి, గొంతులో తడితో మాట్లాడుతున్న ఇంగ్లీషు.

"ఎవరది?"

"ఎవరూ లేరండి. మళ్లీ మాట్లాడతాను," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఇంగ్లీషువాడు! యెషయా జిదాఫ్స్ రూములో మంచం మీద కూలబడ్డాడు. తనకు వచ్చిన ఇంగ్లీషంతా కలిపితే "ఓకే", "నో ప్రాబ్లం", "టుమారో". ఆ మూడింటితో అంత మెత్తగా ఏం మాట్లాడగలడు? జీవమ్మ ఇంటరు చదివింది. ఆమెకు ఇంగ్లీషు అర్థమవుతుంది. ఆమె తండ్రి గోడ మీది ఇత్తడి పలకంతా ఇంగ్లీషే. ఆ ఇంటి పిల్లకు తగిన గొంతే అది. లారీ ఎక్కినరోజు నుంచి ఆమె మనసులో ఏ మూలనో ఇలాంటి గొంతు కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచిందేమో. ఇప్పుడు అందులో ఎవడో వచ్చి కూర్చున్నాడు.

ఆ వారంలోనే నిర్ణయానికి వచ్చేశాడు. వాడెవడో తన కళ్లతో చూస్తాడు. చూశాక జీవమ్మ చేత పని మాన్పించి ఊరికి పంపేస్తాడు, ఖలాస్. పంపేస్తే ఆ శుక్రవారపు కాసేపు కూడా ఉండదు. ముందు సీటు ఖాళీగా ఉంటుంది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అన్నం కంచం పక్కకు నెట్టేశాడు. అయినా సరే, ఇంకొకడి మొహం ఆమె కళ్లముందు ఉండగా ఆ సీట్లో ఆమె కూర్చోవడం కంటే సీటు ఖాళీగా ఉండటమే నయమనుకున్నాడు.

శుక్రవారం మామూలు కంటే ముందే ఉమ్మ్ అల్ హస్సామ్ చేరాడు. వ్యానును వీధి మలుపులో ఆపి, రోజూ వచ్చే వేళయ్యేదాకా కాపు కాశాడు. హారన్ కొట్టలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఎండకు టోపీ పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆ ఇంటికి ఎన్నోసార్లు వచ్చాడు గానీ, నీళ్ల గొట్టం పట్టుకుని పెరటివైపుకే తప్ప ముందు గుమ్మం దాకా ఎప్పుడూ వెళ్లలేదు. నాలుగు మెట్లు ఎక్కాడు. బెల్లు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

తలుపు తీసింది జీవమ్మే. చేతిలో చెంగు, కళ్లలో నీళ్లు.

"మీరా! ఇటేపొచ్చారేంటండీ? హారన్ కొట్టలేదే?"

"ఎవడాడు?"

"ఎవడండీ?"

"అదే. ప్రతి వారం ఏడిపిస్తున్నోడు. సంఘం మొత్తం చేత ఉపవాసాలు చేయిస్తున్నోడు. ఇంగ్లీషోడు. లోపలున్నాడా లేడా?"

జీవమ్మ వెనక్కి తిరిగి హాల్లోకి చూసింది. అబద్ధం ఆడటం ఆమెకు రాదు.

"ఉన్నాడండి," అంది.

యెషయా తల మీది టోపీ తీశాడు. కొట్టడానికి తీశాడో, కూలబడటానికి తీశాడో అతనికే తెలియదు. రెండు చేతుల్లో పట్టుకుని నలపడం మొదలుపెట్టాడు. లోపల సోఫాలో పెద్ద మేడం కూర్చుని ఉంది. ఎవరొచ్చారా అని అటు తిరిగి, రిమోటుతో టీవీని ఆపింది. టీవీలో రంగుల్లేని బొమ్మ. వానలో ఒక పెద్ద ఇంటి గుమ్మం. గుమ్మం ముందు బక్కపల్చటి తెల్ల కుర్రాడు, చేతుల సైజుకు సరిపోని కోటు, నలిగిపోయిన టోపీ.

మేడం టీవీ వంక చూసింది. గుమ్మంలో యెషయా వంక చూసింది. మళ్లీ టీవీ వంక చూసింది. తర్వాత చేత్తో నోరు మూసుకుంది గానీ, భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

"వీడా?" అన్నాడు యెషయా.

"వీడేనండి."

"సినిమానా?"

"యాభై ఏళ్ల కిందటిదంటండి. మేడం గారూ, ఆవిడ భర్తా పెళ్లికి ముందు కలిసి చూశారంట. ఆయన పోయాక ప్రతి శుక్రవారం భోజనమయ్యాక ఇదే పెట్టుకుంటారు. నన్నూ కూర్చోమంటారు." జీవమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ రోజు మనసు ఆగక మనవి చెప్పేశాను. ఆ పై వారమే ముసలయ్య గారు సినిమాలు చూడ్డం పాపమని పెద్ద ప్రసంగం చేశారు. ఇంక ఇది సినిమా అని ఎలా చెప్పనండీ? అప్పటికే మెర్సీ సిస్టర్ ఉపవాసం మొదలెట్టేసింది."

"యాభై ఏళ్ల కిందట అయిపోయినదానికి ఇప్పుడు ప్రార్థనేంటే?"

"దేవుడికి ముందూ ఎనకా ఏముంటదండీ?"

మామూలు మనిషైతే ఇక్కడ నవ్వేసి ఊరుకునేవాడు. యెషయా అసూయ అంత చవకది కాదు. టీవీలోని కుర్రాణ్ణి కింది నుంచి పైదాకా చూశాడు. చెవులు పెద్దవి. మీసం లేదు. గట్టిగా తుమ్మితే పడిపోయేలా ఉన్నాడు. ఇంత చిన్న ప్రాణిని చూసి తన పెళ్లాం నెలల తరబడి ఏడ్చిందంటే తనలో ఏదో తక్కువైనట్టే కదా! పుట్టినవాడైతే ఎదురుగా నిలబడి తేల్చుకోవచ్చు. వీడితో ఏం తేల్చుకుంటాడు?

"ఇంతకీ ఆ తండ్రి ఏమంటాడు వీడితో?" అన్నాడు కసిగా.

"తెల్దండి."

"ఇన్నిసార్లు చూశావుగా!"

"ఇక్కడిదాకానే చూశానండి. అప్పుడే మీరొచ్చి హారన్ కొడతారు." ఆమె తల వంచుకుంది. "మేడం గారిని అడిగితే, నువ్వే చూడాలి, చెప్పకూడదంటారు."

యెషయా చేతిలోని టోపీని ఇంకోసారి మెలిపెట్టాడు.

"మా నాన్నగారి గుమ్మం ముందుకు మీరు రాలేదు కదండీ," అంది జీవమ్మ. తప్పుపడుతున్నట్టు కాదు, ఊరి సంగతి ఏదో చెబుతున్నట్టు. "వచ్చుంటే ఏమనేవారో అని ఉంటది నాకు ఎప్పుడూ. ఈ పిల్లోడు నిలబడ్డాడు కదా, ఈడికి చెప్పే మాటైనా ఇందామని."

మేడం రిమోటు పట్టుకుని ఎదురుచూస్తోంది. యెషయా టోపీ మళ్లీ తలమీద పెట్టుకున్నాడు.

"కూర్చో. ఆఖరుదాకా చూడు," అన్నాడు. "జాన్ పాల్‌నీ మెర్సీనీ అందర్నీ ముందు ఎక్కించుకుని, నీ దగ్గరికి చివర్న వస్తాను."

"మరి మనిద్దరం..." అని ఆగిపోయింది జీవమ్మ. అద్లియా దాకా ఉండే ఆ కాసేపు ఇవాళ ఉండదని ఇద్దరికీ తెలుసు.

"చూడవే! ఆ చెవులోడికి ఏం సమాధానం వస్తదో నాకూ కావాలి," అని యెషయా మెట్లు దిగిపోయాడు.

ఆరోజు వ్యాను తిరగేసిన దారిలో తిరిగింది. జాన్ పాల్‌కు చాలా వారాలు ఆఖరి సీట్లో ఎగిరాక ముందు సీటు దొరికింది. సంబంధం ఖాయమైందనుకుని మళ్లీ ఫొటో ప్రస్తావన తెచ్చాడు. చివర్న ఉమ్మ్ అల్ హస్సామ్‌లో జీవమ్మ ఎక్కి, మెర్సీ పక్కన కూర్చుంది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. అద్దంలో నుంచి చూస్తూ యెషయా ఒక రౌండెబౌట్ చుట్టూ అవసరం కంటే ఎక్కువసార్లు తిరిగాడు. ఆ తిరుగుడుకు ఆ రౌండెబౌట్‌లోని ఖర్జూరం చెట్టు కాస్త వంగిపోయిందని అంటారు.

కూటంలో ముసలయ్య గారే అడిగారు. "అమ్మా, ఆ తమ్ముడి సంగతి ఏమైనా తెలిసిందా?"

జీవమ్మ లేచింది. "తెలిసిందండి. ఆ నాయన కోప్పడలేదు. లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, టీ ఇప్పించి, కుదరదని చెప్పాడు. పిల్ల మెట్ల మీదే ఉండిపోయింది. కుర్రాడు టోపీ పెట్టుకుని వానలో ఎల్లిపోయాడండి."

సంఘమంతా ఒక్క నిట్టూర్పు విడిచింది. మెర్సీ ఏడ్చేసింది. అన్ని ఉపవాసాలు! ముసలయ్య గారు కళ్లద్దాలు తుడుచుకుని, "దేవుని చిత్తం. ఆ బిడ్డకు వేరే మంచి సంబంధం కుదరాలని ప్రార్థిద్దాం" అన్నారు. ఆ ప్రార్థన చివర వెనక వరసలో నుంచి ఒక "ఆమేన్" వినిపించింది చూడండి! కిటికీ అద్దాలు అదిరాయి. ఓడరేవులో లంగరేసిన ఓడలవాళ్లు ఏ దేశం ఓడ వస్తోందా అని బయటకొచ్చి చూశారు. నెలలుగా కడుపులో మండుతున్నదంతా ఒక్క దెబ్బకు చల్లారిన మనిషి "ఆమేన్" అది.

తిరుగు ప్రయాణంలో అందర్నీ దింపేశాక, వ్యానులో ఇద్దరే మిగిలాక, యెషయా ఇక ఆగలేదు. మీసం మీద చెయ్యి పడింది.

"చూశావా? గుమ్మం ముందు నిలబడ్డోడికి ఏం దక్కింది? ఒక కప్పు టీ! హారన్ కొట్టినోడికి ఏం దక్కింది? నువ్వు!"

"అవునండి," అంది జీవమ్మ.

"మరి? ఎవడు గొప్పోడు?"

"మీరేనండి." బయటి వీధిదీపాల వంక చూస్తూ అంది, "కానీ ఆ పిల్ల మర్నాడు పొద్దున్న వాళ్ల నాన్నతో కూర్చుని టిఫిన్ తింటది కదండీ."

యెషయా చెయ్యి మీసం మీద నుంచి స్టీరింగు మీదికి దిగిపోయింది. అంతవరకూ ఒక కుర్రాడి మీద పడిన అసూయ, అప్పుడు ఎవరి మీదికి మళ్లాలో తెలియక కొట్టుకుంది. టీవీలోని ఆ పిల్ల మీదా, నరసాపురంలో ఒక్కడే కూర్చుని టిఫిన్ తినే ఆ పెద్దమనిషి మీదా? మేడం ఇంటి ముందు వ్యాను ఆగింది. యెషయా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆమెవైపు తలుపు తీశాడు. ఇంతకుముందు ఎప్పుడూ తీయలేదు.

ఆ తర్వాత జరిగింది నరసాపురంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. యెషయా వెంటనే విమానం ఎక్కాడు. ఆ టోపీతోనే హెడ్మాస్టరు గారి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఎండాకాలం మధ్యలో, కేవలం అతను నిలబడినందుకే వాన మొదలైంది. చేపల మార్కెట్టు మూసేసి జనం మేడలెక్కి చూశారు. ఉదయం నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలబడితే, హెడ్మాస్టరు గారు తలుపు తీసి, అల్లుణ్ణి కావలించుకుని, గోడ మీది ఇత్తడి పలకలో తన పేరు కింద అతని పేరు కూడా చెక్కించారు.

ఇదంతా చదివి వినిపిస్తే యెషయా ఇలా అన్నాడు: "నేనెక్కడికీ ఎల్లలేదండి. సెలవు ఇవ్వలేదు. ఫోన్ చేశాను. 'ఎవరు?' అన్నారు. 'యెషయానండి' అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 'జీవ బాగుందా?' అన్నారు. బాగుందన్నాను. అంతలో ఫోన్ కార్డులో డబ్బులైపోయాయి."